35 సెకన్ల విద్య

విమానం నుండి పారాచ్యూట్‌తో దూకే స్కైడైవింగ్ క్రీడను గురించి ప్రస్తావించినప్పుడల్లా విద్యార్థులు మమ్ములను అడిగే ప్రశ్న ఒక్కటే: "భయం వేయదా?" దూకేవారందరూ ధైర్యవంతులే అయినప్పుడు, పోటీలో గెలుపోటములను నిర్ణయించేది ధైర్యం కాజాలదు. మరి ఏది?

నలుగురు కలిసి పాల్గొనే ఫార్మేషన్ పోటీని తీసుకొందాము. ఏ ఆకృతులను ఏ వరుసలో కట్టవలెనో చీట్లు తీసి నిర్ణయిస్తారు. విమానం వదలిన క్షణం నుండి 35 సెకన్లలో ఆ వరుసను మరల మరల కట్టుతూ పోవలెను. సక్రమంగా పూర్తయిన ప్రతి ఆకృతికి ఒక పాయింటు. అయిదవ సభ్యుడు కెమెరాతో వెంట దూకుతాడు. న్యాయనిర్ణేతలు చూచేది ఆ చిత్రాన్నే గనుక, కెమెరాకు చిక్కని ఆకృతి కట్టినా కట్టనట్లే.

గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్న ఈ నలుగురూ ఒకరినొకరు మాత్రం మెల్లగా చేరుకోవలెను. కాళ్ళు కొద్దిగా చాచితే దేహం ముందుకు సాగుతుంది. చేతులు ముందుకు చాచితే వెనుకకు జరుగుతుంది. క్యారమ్స్ ఆడేవారికి ఇది సులభంగా బోధపడుతుంది: బలం ఎక్కువైతే తగిలినదీ తగిలించుకొన్నదీ చెరొక వైపు పోతాయి.

అన్నింటికంటె కఠినమైన నైపుణ్యం ఆకృతిని విడిచిపెట్టడమని మా అభిప్రాయం. ముందుగా అనుకొన్న ఎత్తు రాగానే, చేతికందిన పాయింటునైనా వదలి, వెనుదిరిగి దూరంగా జరిగి పారాచ్యూట్ తెరవవలెను. ఆశపడి నిలిచినవాడు తోటివారి ప్రాణాలను సైతం పణంగా పెట్టినవాడగును.

ఒంటరిగా తలపడే స్టైల్ పోటీలో నాలుగు పూర్తి భ్రమణాలు, రెండు వెనుక పిల్లిమొగ్గలు కొద్ది సెకన్లలో ముగించవలెను. గురి చూచి దిగే పోటీ వీటికంటె నిదానమైనది. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగిన నాడు గుండ్రని పారాచ్యూట్లే ఉండేవి. పతంగుల నిర్మాణంలో ఆరితేరిన డొమినా జాల్బర్ట్ 1960ల దశకంలో రూపొందించిన, గాలి నింపుకొనే రెక్కవంటి పారాచ్యూట్ ఈ విద్యనే మార్చివేసినది. నేడు మడమ మోపవలసిన కేంద్రం వ్యాసం 2 సెంటీమీటర్లు మాత్రమే. గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తున్నదో చదువనేర్చినవారే దానిని అందుకొంటారు.

ఇక సాధన సంగతి. ఆకాశంలో లభించేది 35 సెకన్లే గనుక, అభ్యాసం అధికభాగం నేలమీదనే. ప్రపంచ స్థాయి క్రీడాకారులు సైతం చక్రాల పలకలపై బోర్లా పడుకొని, చిన్నపిల్లల వలె ఒకరి చేయి ఒకరు పట్టుకొంటూ, విడుస్తూ, ఆ ఆకృతులనే పదేపదే వల్లె వేస్తారు.