నెలలు నిండని బిడ్డ - ఇంటివారు చేయవలసిన వైద్యం

"ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గాని, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ దక్కదు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనడం వింటూనే ఉంటాము. ఈ మాట నిజం కాదు. తల్లి కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డ ఊపిరితిత్తులు ఏడో నెల బిడ్డ ఊపిరితిత్తుల కంటే ఎక్కువగా ఎదిగి ఉంటాయి. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నామంటే, ఎనిమిదో నెలలో కాన్పు అయిందని తెలియగానే కొన్ని ఇళ్లలో సగం ఆశ వదులుకుంటారు. "ఎలాగూ దక్కదు, అప్పు చేయడం ఎందుకు" అని బిడ్డను ఇంటికి తీసుకుపోతామంటారు. బతకవలసిన బిడ్డ ఆ తొందరలోనే చేజారిపోతుంది.

37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము. పుట్టినప్పుడు 2500 గ్రాముల కంటే తక్కువ ఉంటే బరువు తక్కువ బిడ్డ. ఇలాంటి బిడ్డలకు ప్రత్యేక వార్డు, యంత్రాలు, శిక్షణ పొందిన నర్సులు కావాలి. అయితే మందులతోనూ యంత్రాలతోనూ జరగని పని ఒకటి ఉంది. అది ఇంటివారి చేతుల్లో ఉంది. ఈ పాఠంలో ముఖ్యంగా దాని గురించే తెలుసుకుందాము.

కాన్పుకు ముందు

మన వైపు తొలికాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్లడం ఆచారం. మంచిదే. కాని వెళ్లేముందు ఒక విషయం అడిగి తెలుసుకోండి: పుట్టింటికి దగ్గరలో పసిబిడ్డల ప్రత్యేక వార్డు ఉన్న ఆస్పత్రి ఏది? తల్లీబిడ్డల కార్డు, స్కానింగు కాగితాలు అమ్మాయి సంచిలోనే ఉండాలి. ఇక్కడ చూపించుకున్న కాగితాలు అత్తగారింటి బీరువాలో ఉండిపోతే, రాత్రివేళ వచ్చిన కేసులో వారాల లెక్క తేలడం కష్టం.

నెలలు నిండకముందే నడుము నొప్పి వచ్చిపోతూ ఉన్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 24 నుండి 34 వారాల మధ్య త్వరగా కాన్పు అయ్యేలా ఉంటే డాక్టరుగారు పరీక్షించి తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు. 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు ఇస్తారు. ఇవి బిడ్డ ఊపిరితిత్తులను గట్టిపరుస్తాయి. వాటి గుణం పూర్తిగా అందడానికి ఒక రోజు పడుతుంది. అందుకే నొప్పులు మొదలైన గంటలోనే బయలుదేరిన తల్లికీ, మరునాడు వచ్చిన తల్లికీ అంత తేడా. బిడ్డ పుట్టాక ఆటోలో ఊళ్లు దాటించడం కంటే, బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని తీసుకురావడం ఎంతో క్షేమం. 108 వాహనం అందుకే ఉంది.

బాక్సు, అమ్మ గుండె

"బిడ్డను బాక్సులో పెట్టారు" అంటే ఇంటివారికి భయం, కొంత ధైర్యం కూడా. ఆ అద్దాల పెట్టె చేసే ముఖ్యమైన పని వెచ్చదనం ఇవ్వడం. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు, చర్మం పలుచన. మనకు హాయిగా ఉన్న గదిలోనే ఆ బిడ్డ చల్లబడిపోతుంది. చల్లబడిన బిడ్డ పాలు తాగదు, చక్కెర పడిపోతుంది, ఊపిరి తగ్గుతుంది. చంకలో థర్మామీటరు పెడితే 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

1978లో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో బాక్సులు చాలలేదు. ఒక్కో బాక్సులో ఇద్దరేసి బిడ్డలను పెట్టవలసి వచ్చేది, ఒకరి జబ్బు మరొకరికి అంటేది. అక్కడి డాక్టరు ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డలను తల్లుల రొమ్ముల మధ్య నేరుగా చర్మానికి ఆనించి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టుగా ఉంటుంది కనుక దీనికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది.

చాలాకాలం దీనిని బీదవారి ఉపాయంగానే చూశారు. "బిడ్డ కుదుటపడ్డాక తల్లికి ఇద్దాము" అనేవారు. ఆ ఆలోచన 2021లో మారింది. మన దేశంతోపాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాలలోని అయిదు ఆస్పత్రులలో 3,211 మంది బిడ్డలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన ఆ సంవత్సరం వెలువడింది. మన దేశం నుండి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి అందులో పాల్గొంది. వారంతా 1000 నుండి 1799 గ్రాముల బిడ్డలు. పుట్టిన వెంటనే తల్లి గుండెపై చేర్చిన బిడ్డలలో 28 రోజుల లోపల చనిపోయినవారు నూటికి 12 మంది. కుదుటపడేదాకా విడిగా ఉంచిన బిడ్డలలో నూటికి దాదాపు 16 మంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలను మార్చి, పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుండి 24 గంటలు ఇలా ఉంచాలని చెప్పింది. వెంటిలేటరు మీద ఉన్న బిడ్డ, సొంతంగా ఊపిరి తీయలేని బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ సంగతి వేరు. అది డాక్టరుగారు నిర్ణయిస్తారు.

"ఇంత పెద్ద ఆస్పత్రిలో బాక్సు ఖాళీ లేదా సిస్టరమ్మా, నా కూతురి గుండె మీద పెట్టమంటారు?" అని అమ్మమ్మగారు అడిగితే మేము ఈ లెక్కే చెబుతాము.

ఎలా పట్టుకోవాలి?

బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప ఏమీ ఉండకూడదు. తల్లి ముందువైపు తెరుచుకునే జాకెట్టో నైటీయో వేసుకోవాలి. బిడ్డను నిలువుగా రొమ్ముల మధ్య ఉంచి, కాళ్లు చేతులు కప్పపిల్లలా మడిచి, తలను ఒక పక్కకు తిప్పి కొంచెం పైకి ఎత్తి ఉంచాలి. మెడ ముందుకు వంగితే ఊపిరి ఆడదు. దీనిని మాత్రం మొదటి రోజే సిస్టరు దగ్గర సరిగా నేర్చుకోండి. తరువాత మెత్తని నూలుగుడ్డతో బిడ్డనూ తల్లినీ కలిపి కట్టాలి. తల్లి దిండ్లకు ఆనుకుని వాలి కూర్చోవచ్చు, అలాగే నిద్రపోవచ్చు. ఒకసారి పెట్టుకుంటే గంటకు తగ్గకుండా ఉంచాలి. మాటిమాటికీ తీసి చూపిస్తే బిడ్డ అలసిపోతుంది.

రోజుకు 8 గంటలంటే సిజేరియన్ అయిన తల్లి ఒక్కతే చేయగలదా? చేయలేదు. ఇక్కడే ఇంటివారు కావాలి. బిడ్డకు వేడి ఇవ్వడానికి తండ్రి ఛాతీ కూడా పనికివస్తుంది. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని ఎవరైనా చేయవచ్చు. దగ్గు, జ్వరం, చర్మవ్యాధి లేకుండా, స్నానం చేసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే చాలు. పురుడు వెళ్లేదాకా మగవాళ్లు ముట్టుకోకూడదని కొన్ని ఇళ్లలో పట్టుబడతారు. 1300 గ్రాముల బిడ్డకు పదకొండో రోజు దాకా ఆగే తీరిక లేదు. మొదట సిగ్గుపడి వరండాలో నిలబడే తండ్రులే, ఒకసారి బిడ్డ గుండె కొట్టుకోవడం తమ ఛాతీ మీద తెలిశాక వంతు వదలరు. ఇది మేము తరచుగా చూసేదే.

2017లో కేంద్ర ప్రభుత్వం పసిబిడ్డల ప్రత్యేక వార్డులలో ఇంటివారిని సంరక్షణలో చేర్చుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అందుచేత "మమ్మల్ని లోపలికి రానిస్తారా" అని ఎక్కడైనా ధైర్యంగా అడగండి.

పాలు, పథ్యం

పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయగల నేర్పు బిడ్డకు సుమారు 34 వారాలకు వస్తుంది. అంతకుముందు తల్లి పాలనే పిండి గొట్టం ద్వారా గాని, ఉగ్గుగిన్నెతో గాని పడతాము. పాలసీసా వద్దు. తేనె, చక్కెర నీళ్లు, ఆవుపాలు వద్దు. మొదట చెంచాడు పాలే వచ్చినా పారేయకండి, ఆ ముర్రుపాలు ఈ బిడ్డకు మందు కంటే ఎక్కువ.

బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చి, కారంపొడి అన్నంతో పథ్యం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు, దాహమైనంత నీరు ఇవ్వండి. కడుపు నిండని తల్లికి ఓపిక ఉండదు, దిగులుగా ఉన్న తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుంది. "నీవల్లే ముందుగా కాన్పు అయింది", "మళ్లీ ఆడపిల్లేనా" అనే మాటలు ఆమె మంచం దగ్గర ఎవరూ అనకుండా చూడడం కూడా ఇంటిపెద్దల పనే. తల్లి రెండు వారాలు దాటినా ఏడుస్తూ, నిద్ర పట్టక, బిడ్డను చూడడానికి ఇష్టపడకపోతే డాక్టరుగారికి చెప్పండి.

ఇంటికి వెళ్లాక

బిడ్డ ఊపిరి సరిగా తీస్తూ, పాలు తాగుతూ, రోజూ బరువు పెరుగుతూ ఉంటే ఇంటికి పంపుతాము. కంగారూ సంరక్షణ ఇంటి దగ్గర కూడా సాగాలి. 2500 గ్రాములకు వచ్చేసరికి బిడ్డే ఇక చాలని కాళ్లతో తన్ని బయటికి రావాలని చూస్తుంది. అప్పటిదాకా కాళ్ల మీద పడుకోబెట్టి నూనె మర్దించి, చెంబులతో నీళ్లు పోసే స్నానం వద్దు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. చెవుల్లో, ముక్కులో నూనె వేయకూడదు. చూడడానికి వచ్చే చుట్టాలను కొంతకాలం గుమ్మం దగ్గరే పలకరించి పంపండి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురండి. దారిలో బిడ్డను గుండెకు కట్టుకునే రండి.

చివరగా చెబుతున్నా దీనిని చిన్నదిగా తీసుకోవద్దు. 2000 గ్రాముల కంటే తక్కువ బరువుతో గాని, 34 వారాల లోపు గాని పుట్టిన బిడ్డకు కంటి వెనుక ఉండే రెటీనాలో రక్తనాళాలు సరిగా ఎదగక చూపు పోయే ప్రమాదం ఉంది. పైకి కళ్లు మామూలుగానే కనిపిస్తాయి. పుట్టిన 30 రోజుల లోపల కంటి డాక్టరు చుక్కల మందు వేసి లోపల పరీక్షించాలి. 28 వారాల లోపు పుట్టిన బిడ్డకైతే రెండు మూడు వారాలకే చూడాలి. సకాలంలో కనిపెడితే లేజరుతో చూపు నిలపవచ్చు, ఆలస్యమైతే తిరిగి తేలేము. ఆ పరీక్ష తేదీని డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో రాసి ఇస్తాము. ఆ రోజు ఇంట్లో పెళ్లి ఉన్నా, పొలంలో కోత ఉన్నా ఎవరో ఒకరు బిడ్డను తీసుకురండి. తల్లికి వీలుకాకపోతే తాతగారు వచ్చినా పరవాలేదు.