చంపే ముందు చూడు

సత్తుపల్లి

చిరంజీవి అమ్మలుకు,


దసరా సెలవులకు వస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వానలకు పెరడంతా పచ్చబడింది, పురుగూ పుట్రా బాగా తిరుగుతున్నాయి. భయపడి మందు డబ్బా కోసం వెతక్కు తల్లీ. వాటిలో ఏది ఏం తింటుందో, దాన్ని ఏది తింటుందో కనిపెట్టడం ఈ సెలవుల్లో నీ పని.

ముందు కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లు. లేతాకు మీద పిట్టరెట్టలాంటిది కనిపిస్తే దులపకు. అది సీతాకోకచిలుక పిల్ల. పిట్టల కంటబడకుండా ఆ వేషం. ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసన కొడుతుంది. నాలుగు రెమ్మలు తింటే తిననీ, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. రోజూ చూసి తేదీ వేసి బొమ్మ గీసుకో.

చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది. అక్కడ నల్లగా, పొడుగ్గా, ముళ్లముళ్లుగా పాకేవి అక్షింతల పురుగు పిల్లలు. తల్లి పోలిక ఒక్కటీ ఉండదు. అందుకే చాలామంది చీడ అనుకుని నలిపేస్తారు. నిజానికి పేనుబంకను తిని పాదును కాపాడేవి అవే.

మన చుట్టూ ఉన్న పామాయిల్ తోటల సంగతీ అంతే. మగపూల మీద బతికే చిన్న ముక్కుపురుగు ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఆడపూల మీద వాలితేనే గెలలో కాయ నిండుతుంది. మలేషియాలో ఒకప్పుడు ఈ పని కూలీలు చేతులతో చేసేవారు. 1981లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఈ పురుగును తెచ్చి తోటల్లో వదిలాక ఆ అవసరం తీరింది. తర్వాత మన దేశానికీ తెచ్చారు. నువ్వుగింజంత ప్రాణి మీద ఇంత సేద్యం నిలబడింది!

జాగ్రత్తలూ విను. ఇటుకల కింద, కట్టెల మోపులో చెయ్యి పెట్టకు. తేళ్లు, జెర్రులు ఉంటాయి. పాము కనిపిస్తే వెనక్కి జరిగి నన్ను పిలువు. రాత్రి దండేనికి తెల్లపంచె కట్టి లైటు వేస్తాను, రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. గంటసేపు చూసి ఆర్పేద్దాం, వాటి మేతకు అవి పోవాలి కదా.

పేర్లు తెలియలేదని దిగులుపడకు. వాటి నడత గమనించు, పేర్లు తర్వాత కనుక్కోవచ్చు. పెరట్లో ఒక్కో ప్రాణి పని తెలిసేకొద్దీ, రేపు నీ చేతికి పొలం వచ్చినా, ఇల్లు వచ్చినా, ఎక్కడ మందు కొట్టాలో ఎక్కడ ఆగాలో నీకే తెలుస్తుంది. వచ్చేటప్పుడు భూతద్దం, గీతల్లేని నోటుబుక్కు తెచ్చుకో.

ఇట్లు,
మీ తాతయ్య