చిన్న లైబ్రరీ... ఇంటర్వ్యూలో పెద్ద అండ

బీటెక్ చివరి ఏడాది విద్యార్థుల రెజ్యూమేలు తిరగేస్తే ఎక్కువగా అవే ప్రాజెక్టులు: ఫేస్ రికగ్నిషన్ హాజరు, చాట్‌బాట్, షాపింగ్ సైట్. డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు సంగతి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. అంతకంటే సొంతంగా రాసిన రెండు మూడొందల లైన్ల లైబ్రరీ ఎంతో నయం. యూట్యూబ్ ఛానెల్ ఫీడ్‌ను చదివే పైథాన్ లైబ్రరీ అందుకు చక్కగా సరిపోతుంది.

ఏమిటీ ఫీడ్?

యూట్యూబ్ ఛానెల్‌కు ‘యూసీ’తో మొదలయ్యే 24 అక్షరాల ఐడీ ఉంటుంది. దాన్ని ఫీడ్ చిరునామాకు జోడిస్తే తాజా 15 వీడియోల వివరాలు ఎక్స్‌ఎంఎల్‌లో వచ్చేస్తాయి. శీర్షిక, లింకు, అప్‌లోడ్ సమయం, థంబ్‌నెయిల్, వ్యూస్ అన్నీ అందులోనే ఉంటాయి. ఏపీఐ కీ అక్కర్లేదు. 2005లో ప్రమాణంగా స్థిరపడిన ఆటమ్ ఫార్మాట్ ఇది. దాన్ని విప్పి, వాడుకోవడానికి వీలైన ఆబ్జెక్టులుగా అందించడమే మీ లైబ్రరీ పని.

నేర్చుకునేది ఇక్కడే

పని తేలికే అనిపిస్తుంది. పైథాన్‌లోని ఎలిమెంట్‌ట్రీతో ‘ఎంట్రీ’ల కోసం వెతికితే మాత్రం ఖాళీ జాబితా వస్తుంది. కారణం ట్యాగు ఏ కోవకు చెందిందో చెప్పే నేమ్‌స్పేస్. ఆటమ్‌కు ఒకటి, యూట్యూబ్ సొంత ట్యాగులకు ఒకటి, మీడియా వివరాలకు మరొకటి ఉంటాయి.

తర్వాతి చిక్కు సమయం. ఫీడ్‌లో ఉండేది యూటీసీ. యూటీసీలో రాత్రి 7 గంటలంటే మనకు అర్ధరాత్రి దాటి 12:30. ‘ఈరోజు వీడియోలు’ అని వడపోస్తే తేదీయే మారిపోతుంది.

తెలుగు శీర్షికలతో ఇంకో తంటా. మన కంటికి ‘శ్రీ’ ఒక్క అక్షరమే, పైథాన్ లెక్కలో నాలుగు. శీర్షికను 20 అక్షరాలకు కత్తిరించే ఫంక్షన్ రాస్తే ఒత్తులు, గుణింతాలు తెగిపోవచ్చు. దీన్ని పట్టుకుని సరిచేసిన అభ్యర్థి యూనికోడ్ గురించి ధీమాగా మాట్లాడగలరు.

అడిగే ప్రశ్నలు

‘ఫీడ్‌పార్సర్ లైబ్రరీ ఉండగా ఇదెందుకు?’ అంటారు. అది అన్ని రకాల ఫీడ్లకూ పనికొస్తుంది, నాది యూట్యూబ్ ఫీడ్ ఒక్కదాని కోసమే అని సూటిగా చెప్పండి. ‘పదహారో వీడియో కావాలంటే?’ అనడిగితే ఫీడ్‌తో కుదరదు, యూట్యూబ్ డేటా ఏపీఐ వాడాలని చెప్పండి. అందులో మామూలుగా రోజుకు 10,000 యూనిట్ల కోటా ఉంటుందని, ప్లేలిస్ట్ జాబితాను ఒకసారి అడగడానికి ఒక యూనిట్ చాలని తెలిసుంటే మీ మాటకు బలం వస్తుంది. ‘నెట్ లేకపోతే టెస్టులెలా?’ అంటే, ముందే సేవ్ చేసుకున్న ఫీడ్ ఫైలు మీద పైటెస్ట్ నడిపి చూపించండి.

ముగింపు పనులు

రీడ్‌మీలో అయిదు లైన్ల ఉదాహరణ ఇవ్వండి. ఎంఐటీ లైసెన్స్ జతచేయండి. గిట్‌హబ్‌లో కమిట్లు రోజువారీగా కనిపించాలి. చివర్లో ఒకేసారి అప్‌లోడ్ చేస్తే అనుమానం తప్పదు. పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐలో పెట్టేముందు టెస్ట్‌పైపీఐలో సరిచూసుకోండి. పైపీఐ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి.

మొదటి వారం లక్ష్యం చిన్నదే పెట్టుకోండి: మీ కాలేజీ ఛానెల్ ఫీడ్‌ను సేవ్ చేసి, శీర్షికలు మాత్రం ప్రింట్ చేయండి. అది పనిచేశాకే సమయం, వ్యూస్ జోలికి వెళ్లండి. రెజ్యూమేలో ఒక్క లైనులో రాసినా, ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పగలిగేలా తయారవ్వండి.