రక్తపరీక్షతో మనోవ్యాధి తెలియునా?

మధుమేహమునకు రక్తములోని చక్కెరను, కామెర్లకు బిలిరుబిన్‌ను కొలిచి చూచినట్లు, దిగులు వ్యాధికి గాని ఉన్మాదమునకు గాని ఏ పరీక్ష చేయించవలెనని గృహస్థులు పలువురు అడుగుచుందురు. శరీరములో కొలిచి చూడదగిన ఇట్టి గుర్తులను ఆధునికులు బయోమార్కర్లు అందురు. మనోవ్యాధులలో ఇవి ఎక్కడ పనికివచ్చునో, ఎక్కడ పనికిరావో కుటుంబములోని వారు తెలిసికొని యుండుట మంచిది.

చరకాచార్యులు నిదానస్థానమున ఉన్మాదమును మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటి విభ్రమముగా నిర్వచించిరి. వీనిలో ఒక్కటియైనను సీసాలో పట్టి కొలువదగినది కాదు. రోగితో మాటాడి, నడత చూచి, ఇంటివారిని అడిగి తెలిసికొనవలసినవే. నేటి మానసిక వైద్యులును దిగులు వ్యాధిని, స్కిజోఫ్రీనియాను ఈ విధముననే నిర్ణయించుచున్నారు.

ప్రయత్నములు జరుగకపోలేదు. డెక్సామెథసోన్ అను మందు ఇచ్చి, రక్తములో కార్టిసాల్ తగ్గుచున్నదో లేదో చూచి తీవ్రమైన దిగులును గుర్తింపవచ్చునని 1981లో బెర్నార్డ్ కారల్ మొదలగువారు ప్రకటించిరి. తీరా చూడగా చిక్కిపోయినవారిలోను, వృద్ధాప్యపు మతిమరుపు గలవారిలోను, మద్యము మానుచున్నవారిలోను అదే ఫలితము కనబడుటచే రోగనిర్ణయమునకు అది నిలువలేదు. కావున “రిపోర్టులన్నియు నార్మల్, నీకేమియు లేదు, లేచి పని చూచుకొమ్ము” అని దిగులుతో మంచము పట్టినవారిని గద్దించుట అన్యాయము. ఆ కాగితము దిగులు లేదని చెప్పలేదు. ఇతర వ్యాధులు కొన్ని లేవని మాత్రమే చెప్పినది.

ఆ కొన్నింటిని వెదకుటయు అవసరమే. థైరాయిడ్ మందగించినచో నిద్రమత్తు, మలబద్ధకము, చలికి ఓర్వలేమి, వానితోబాటు దిగులు కలుగును, టి.ఎస్.హెచ్. పరీక్షతో అది బయటపడును. కేవల శాకాహారులలో బి12 తగ్గి మతిమరుపు, చిరాకు, అరికాళ్ళ తిమ్మిరి వచ్చుట కలదు. పాండురోగమును సరేసరి.

అయితే రక్తపరీక్ష నిజముగా ప్రాణము కాపాడు తావు వేరొకటి కలదు. ఒకప్పుడు పొంగు, ఒకప్పుడు దిగులు వచ్చు బైపోలార్ వ్యాధికి లిథియం ఇత్తురు. ఉన్మాదపు పొంగుపై దీని గుణమును 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ప్రకటించెను. మంచి మందే, కాని మేలుచేయు మోతాదునకు, విషమగు మోతాదునకు నడుమ ఎడము మిక్కిలి తక్కువ. రక్తద్రవము లీటరునకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు సాధారణముగా ఉంచుదురు, 1.5 దాటినచో విషలక్షణములు పొడచూపును. రాత్రి బిళ్ళ మింగిన 12 గంటలకు, ఉదయపు మోతాదు వేసికొనక ముందే రక్తము ఇయ్యవలెను. మోతాదు మార్చినప్పుడు సుమారు వారము తరువాతను, కుదురుకొన్న పిమ్మట 3 నుండి 6 నెలలకు ఒకసారియు చూపింతురు. 6 నెలలకొకసారి థైరాయిడ్, క్రియాటినిన్, కాల్షియం కూడ చూడవలెను.

లిథియం కూడ ఒక లవణమే. శరీరములో ఉప్పుగాని నీరుగాని తగ్గినప్పుడు మూత్రపిండములు సోడియంను దాచుకొనుచు, దానితోబాటు లిథియంను కూడ నిలుపుకొనును. బిళ్ళల లెక్క మారకున్నను రక్తములో మందు పెరుగును. మన ఇండ్లలో ఇందుకు సందులు ఎన్నియో: చప్పిడి పథ్యము, నీరైన ముట్టని ఉపవాసము, విరేచనపు మందు, రోహిణీకార్తె చెమట, వాంతులు. ఏ మందునకైనను మొదట ఉప్పు మానిపించుట మా వైద్యులలో కొందరికి అలవాటు. లిథియం వాడువారికి నేను చప్పిడి పథ్యము చెప్పను, విరేచనము ఇయ్యను, మూత్రమును హెచ్చించు గలిజేరు, పల్లేరు కషాయములును ఇయ్యను. కీళ్ళనొప్పులకు దుకాణములో కొని మింగు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, రక్తపోటునకు వాడు మూత్రము పోవు బిళ్ళలు కొన్ని సైతము ఇదే కీడు చేయును. అట్లని ఉప్పు ఒక్కసారిగా పెంచరాదు. మందు పలుచబడి వ్యాధి తిరుగబెట్టవచ్చును. వాడుక ప్రకారము ఉప్పు, తగినంత నీరు, అంతే.

చేతులు పెద్దగా వణకుట, వాంతి, నీళ్ళ విరేచనములు, తూలి నడచుట, మాట ముద్దగా వచ్చుట, మగత కనబడినచో తదుపరి మోతాదు వేయక వెంటనే ఆసుపత్రికి చేర్చి, లిథియం ఎంత యున్నదో చూపింపవలెను. మజ్జిగతోనో శొంఠితోనో తగ్గునేమో చూతమని ఒక పూట గడుపుట ప్రమాదము. ఇట్టి లక్షణములు లేనప్పుడు మందును ఎవరంతట వారు హఠాత్తుగా మానుటయు తగదు. పొంగు మరల వచ్చును. కషాయమేదైనను మొదలుపెట్టదలచినవారు ఆ వైద్యునికి లిథియం సంగతిని, మానసిక వైద్యునికి కషాయపు సంగతిని ముందుగానే చెప్పవలెను.