బరువు ట్రక్కు లాగుటకు పాత ట్రాక్టరు ఎంపిక

వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

కోతలు ముగియగానే ధాన్యమును కల్లము నుండి మిల్లునకు, చెరకును తోట నుండి ఫ్యాక్టరీకి, పశువుల ఎరువును దిబ్బ నుండి పొలమునకు చేర్చుటకు నేడు ట్రాక్టరు ట్రక్కే ఆధారము. దీనినే కొన్ని తావుల ట్రాలీ యనియు, డబ్బా యనియు అందురు. కొత్త ట్రాక్టరు కొనుటకు స్తోమత చాలని రైతులు పాత ట్రాక్టరుతో పని గడుపుకొనుచున్నారు. చూచి కొన్నచో ఇది మంచి పద్ధతియే.

బేరమునకు పోయినవారు సాధారణముగా మొదట అడుగు ప్రశ్న, "ఎన్ని బస్తాలు లాగును?" అని. ఇది అడుగదగిన ప్రశ్నయే గాని మొదటిది కాదు. "నిండు ట్రక్కును ఎంత దూరములో ఆపగలదు?" అన్నది మొదటి ప్రశ్న. లాగలేని ట్రాక్టరు దారిలో నిలిచిపోవును. నష్టము ఒక పూట పని. ఆపలేని ట్రాక్టరు వలన కలుగు నష్టమునకు లెక్క లేదు.

లెక్క చూడండి

ట్రాక్టరు బరువు 2,000 కిలోలు అనుకొందము. నాలుగు చక్రముల ట్రక్కు ఖాళీ బరువు 1,550 కిలోలు. దానిపై 75 కిలోల ధాన్యపు బస్తాలు 46 వేసిన 3,450 కిలోలు. మొత్తము 7,000 కిలోలు, అనగా 7 టన్నులు.

మన ట్రాక్టర్లలో చాలవాటికి బ్రేకులు వెనుక చక్రములకే యుండును. ఊళ్ళలో తయారగు ట్రక్కులలో చాలవాటికి బ్రేకులే యుండవు. కనుక ఏడు టన్నులను ఆపవలసినవి ట్రాక్టరు వెనుక చక్రములు రెండే. వాటిపై పడు బరువు ట్రాక్టరు బరువులో మూడింట రెండు వంతులు, రమారమి 1,300 కిలోలు. పొడి తారురోడ్డుపై టైరు పట్టు ఆ బరువులో పదింట ఆరు వంతులనుకొన్న, ఆపు బలము 780 కిలోలు మాత్రమే.

చదును రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు బండి, బ్రేకు త్రొక్కిన పిదప సుమారు 14 మీటర్లు పోయి నిలుచును. 30 కిలోమీటర్ల వేగమైన సుమారు 32 మీటర్లు పోవును. డ్రైవరు చూచి త్రొక్కులోపల ఒక సెకను గడచిన, మొత్తము దూరము మొదటి దానికి 20, రెండవ దానికి 40 మీటర్లగును. వేగము ఒకటిన్నర రెట్లయిన దూరము రెండింతలైనది.

ఇక వాలు సంగతి. పది అడుగులకు ఒక అడుగు దిగు వాలులో ఈ ఏడు టన్నులు 700 కిలోల బలముతో ముందుకు నెట్టును. మన ఆపు బలము 780. మిగిలినది 80 కిలోలే. వాన కురిసి రోడ్డు తడిసి, పట్టు పదింట నాలుగు వంతులకు తగ్గెనా, ఆపు బలము 520 కిలోలు. నెట్టు బలము 700. అప్పుడు చక్రములు బిగిసినను బండి జారిపోవుచునే యుండును. ఎంత కొత్త బ్రేకులైనను చేయగలిగినది లేదు.

"మాది డెల్టా, మాకు కొండలెక్కడివి?" అనుకొనరాదు. కాలువ గట్టు నుండి దిగు బాట, వంతెన దిగుడు, చెరువు కట్ట ఇవన్నియు వాలులే.

కాబట్టి ఒకే హార్సుపవరు గల రెండు ట్రాక్టర్లలో, బరువు పనికి ఎక్కువ తూకము గల దానిని ఎన్నుకొనుట మేలు. మధ్యప్రదేశ్‌లోని బుధనీ యందు కేంద్రప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరించుచున్నది. ఆయా రకముల తూకము, లాగు బలము, బ్రేకుల పనితనము వాటిలో నుండును. కొనదలచిన రకపు నివేదికను ముందుగా చూచుకొనవలెను.

బ్రేకుల పరీక్ష

1. రెండు బ్రేకు పెడళ్ళను కలుపు కొక్కెము ఉన్నదా, సరిగా పట్టుచున్నదా చూడవలెను. దమ్ములో మలుపుల కొరకు దీనిని విడదీయుదురు. రోడ్డెక్కిన పిదప కలుపకున్న, ఒక ప్రక్క చక్రమే ఆగి బండి అడ్డము తిరుగును.

2. ఖాళీ ట్రాక్టరును జనసంచారము లేని చదును దారిలో 15 కిలోమీటర్ల వేగమున తోలి బ్రేకు త్రొక్కవలెను. రెండు చక్రముల జాడలును సమముగా నుండవలెను. బండి ఒక ప్రక్కకు లాగిన ఆ లోపమును బాగుచేయించనిదే తీసుకొనరాదు.

3. వెనుక ఇరుసు చివరల నూనె చెమ్మ ఉన్నదేమో వ్రేలితో తడిమి చూడవలెను. పొడి బ్రేకులు గల ట్రాక్టరులో సీలు పోయి నూనె లోనికి చేరిన బ్రేకు జారును. పైకి తుడిచి రంగు వేసిన బండిలో ఇది కనబడదు; అర్ధగంట తోలిన పిదప మరల చూడవలెను.

4. చేతి బ్రేకు వేసి వాలులో నిలిపి చూడవలెను.

ఇంజను, క్లచ్చి, గేరు

బండిని ఉదయమే, ఇంజను చల్లగా నుండగా చూడవలెను. మీరు పోవుసరికే సైలెన్సరు వేడిగా నున్నచో, మరియొక దినము చెప్పకుండ పోవుట మంచిది. స్టార్టు చేసిన పిదప వేడెక్కినను నీలిపొగ వీడకున్న ఇంజను నూనె త్రాగుచున్నదని గుర్తు. బరువులో నల్లపొగ మిక్కిలిగా వచ్చుచున్న గాలి వడపోతయో, డీజిలు పంపో సరిగా లేదు. నూనె పోయు మూత తీసినపుడు ఆవిరివలె పొగ ఉబికిన రింగులు అరిగినవి.

గేరుబాక్సు నూనె తెల్లగా, పాలు కలిసినట్లున్నచో లోనికి నీరు చేరినది. ఎక్కువ కాలము దమ్ములో పనిచేసిన బండిలో ఇది తరచు కనిపించును. అందుచేత ఆ ట్రాక్టరు ఏ పని చేసినదో ఆ ఊరివారిని విచారించుట అవసరము. గంటల మీటరును మాత్రమే నమ్మరాదు; మీటరు మార్చవచ్చును గాని అరిగిన పెడలు, వదులైన స్టీరింగు అబద్ధమాడవు.

పెద్ద గేరు వేసి, బ్రేకు త్రొక్కి, క్లచ్చి మెల్లగా వదలినపుడు ఇంజను ఆగిపోవవలెను. ఆగక తిరుగుచున్న క్లచ్చి జారుచున్నది. దిగుడులో గేరు తనంతట జారి బయటకు వచ్చు బండిని ఎంత చవుకయైనను వదలివేయవలెను. వాలులో ఇంజను పట్టుయే సగము బ్రేకు; గేరు జారిన ఆ పట్టు పోవును.

హుక్కు, ట్రక్కు

ట్రక్కును కంపెనీవారు అమర్చిన హుక్కునకే తగిలించవలెను. పైలింకు వంటి ఎత్తు తావున తగిలించిన, లాగునపుడు ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడును. హుక్కు అరిగిన, పిన్ను రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమునకు సాగిన మార్పించవలెను. పిన్నునకు క్లిప్పు, దానికి తోడు ఒక గొలుసు తప్పక యుండవలెను.

రెండు చక్రముల ట్రక్కులో బస్తాలను ఇరుసునకు కొంచెము ముందుకు సర్దవలెను. మరీ ముందుకు వేసిన ట్రాక్టరు ముందు చక్రములు తేలి స్టీరింగు తప్పును. వెనుకకు వేసిన హుక్కు పైకి లేచి వెనుక చక్రముల పట్టు తగ్గును. ఛాసిస్ అతుకులు, చక్రపు బేరింగులు, టైర్లు, వెనుక ఎర్ర దీపము, మెరయు బిళ్ళలు చూచుకొనవలెను. చీకటిలో దీపము లేని ట్రక్కు ఇతరులకు కానరాదు.

కాగితములు

ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూడవలెను. ట్రక్కునకు వేరుగా రిజిస్ట్రేషను కలదేమో చూడవలెను. బ్యాంకు అప్పుపై కొన్న బండియైన, అప్పు తీరినదని ఫారము 35 పొందవలెను. పేరు మార్పిడికి ఫారములు 29, 30 కావలెను. కొన్నవారు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. వ్యవసాయపు పనికై రిజిస్టరైన బండితో ఇతర సరుకులు బాడుగకు తోలదలచినవారు ముందుగా అక్కడనే విచారించుకొనవలెను.

కొన్న పిదప

దిగుడునకు ముందే చిన్న గేరు వేసికొనవలెను. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు మిగులునని న్యూట్రల్‌లో వదలుట, క్లచ్చి త్రొక్కి దిగుట ప్రాణాంతకము. వాన దినములలో బస్తాలు తగ్గించి రెండు తడవలు తోలుట మేలు.

ట్రక్కు సరుకు కొరకే గాని మనుష్యుల కొరకు కాదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ ప్రాంతమున కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రక్కు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు పొలము పనికి బయలుదేరిన స్త్రీలు. బస్తాలపై కూలీలను ఎక్కించు అలవాటును ప్రతి యజమానియు మానవలెను.

ట్రాక్టరు నడపుట, దాని సంరక్షణ నేర్చుకొనగోరు యువరైతులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రముల శిక్షణ సంస్థను గూర్చి తమ మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవచ్చును.

బేరము కుదుర్చుకొనునపుడు బ్రేకులు, టైర్లు, హుక్కు బాగుచేయించుటకగు ఖర్చును మెకానిక్కుచే అంచనా వేయించి, ఆ మొత్తమును ధరలో తగ్గించి అడుగవలెను. బండి ఇంటికి వచ్చిన పిదప మొదటి బస్తా వేయుటకు ముందే ఆ సొమ్ముతో ఆ పని పూర్తిచేయించవలెను.