కలప వ్యర్థముల నుండి ఇంధనము – సూరత్ పొగగొట్టముల పాఠము

కోత మిల్లుల వద్ద రంపపు పొట్టు, వడ్రంగి శాలలలో చెక్క ముక్కలు కుప్పలుగా పడియుండుట మీకు విదితమే. వీనిని అధిక పీడనమున అచ్చుకట్టి బ్రికెట్లుగా చేసినచో బాయిలర్లలో బొగ్గునకు బదులు వాడవచ్చును. బంక కలుపనక్కరలేదు, వేడికి కలపలోని లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి పొట్టును అంటించును.

ఇట్టి యూనిట్టుకు రుణము కోరువారు మొదట తేమను లెక్కించవలెను. పచ్చి కలప పొట్టులో సగము వరకు నీరుండవచ్చును. అట్టి పొట్టు ఒక టన్ను కొని, 10 శాతము తేమ వరకు ఆరబెట్టిన, మిగులునది సుమారు 555 కిలోలే. తూకమునకు ధర చెల్లించువారు నీటికిని చెల్లించుచున్నారన్నమాట. పొట్టుపై కప్పు లేని యూనిట్టు లాభము తొలి వానతోనే కరగిపోవును.

రెండవ విషయము కంటికి కనబడదు. అది పొగలోని లోహములు. బాయిలర్లకు పేరొందిన సూరత్‌నే చూడుడు. తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబములెన్నో అచటి మరమగ్గములపై జీవించుచున్నవి. ఆ గుడ్డకు రంగులద్దు మిల్లులకు ఆవిరి కావలెను. అందుకు ప్రధానముగా బొగ్గు, లిగ్నైటు మండించుదురు. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి అచట ధూళి ఉద్గారముల అనుమతులకు ఒక విపణిని ప్రారంభించినది. మూడు వందలకు పైగా కర్మాగారముల పొగగొట్టములకు నిరంతరము కొలుచు పరికరములు అమర్చిరి. తన అనుమతికి మించి ధూళి వదలు మిల్లు, తక్కువ వదలిన మిల్లు నుండి కిలోకు 5 మొదలు 100 రూపాయల వరకు ఇచ్చి అనుమతులు కొనవలెను. విపణిలో చేరిన మిల్లుల ధూళి, చేరని వానితో పోల్చగా, 20 నుండి 30 శాతము తగ్గినట్లు పరిశోధకులు తేల్చిరి. జరిమానాల కంటె ఈ బేరమే మిల్లుదారులకు బాగుగా అర్థమైనదనవచ్చును!

అయితే ఆ పరికరము ధూళి ఎంతో చెప్పును గాని, అందేమున్నదో చెప్పదు. లోహములను కనుగొనుటకు గాలిని వడపోత కాగితము గుండ పీల్చి, దానిపై చేరిన ధూళిని ప్రయోగశాలలో ఆమ్లమున కరగించి పరీక్షింతురు. 2009 నాటి జాతీయ ప్రమాణముల ప్రకారము ఘనపు మీటరు గాలిలో సీసము వార్షిక సగటు 0.5 మైక్రోగ్రామును, ఆర్సెనిక్ 6 నానోగ్రాములను మించరాదు. మైక్రోగ్రామన గ్రాములో పదిలక్షవ వంతు. నానోగ్రాము అందులో వెయ్యవ వంతు.

శుద్ధమైన కలపలో ఈ లోహములు అత్యల్పము. పాత తలుపుల రంగులో మాత్రము సీసముండవచ్చును. స్తంభముల కలపకు చెదపురుగు పట్టకుండ రాగి, క్రోమియం, ఆర్సెనిక్‌ల మిశ్రమము పట్టించు పద్ధతిని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం కనుగొనిరి. స్తంభమునకు అది రక్ష, పొయ్యిలో విషము. మంటకు సీసము, ఆర్సెనిక్ ఆవిరియై, చల్లారుచు అతి సన్నని ధూళికి అంటుకొని, ఊపిరితిత్తుల లోతునకు చేరును. కనుక డీలర్లు రంగువేసిన కలపను, మందు పట్టించిన కలపను కొనునపుడే వేరుచేయవలెను. పొట్టుగా మారిన పిమ్మట గుర్తించుట అసాధ్యము.

రాగి, క్రోమియం అధిక భాగము బూడిదలో మిగులును. శుద్ధమైన కలప బూడిద పొటాష్, సున్నము గలదగుటచే ఆమ్ల నేలలకు మేలు చేయును. మందు కలప కలిసిన బూడిదను మాత్రము ఏ పొలమునను చల్లరాదు, బావి దాపున పోయరాదు.