సర్టిఫికెట్ సెన్సార్ బోర్డుది, నిర్ణయం మీది
పిల్లలకు ఏ సినిమా చూపించాలి? 5 నుంచి 10వ తరగతి విద్యార్థుల తల్లిదండ్రుల కోసం



పండగ సెలవులు వస్తున్నాయంటే మా స్టాఫ్ రూమ్‌లో రెండు విషయాల మీద మాటలు నడుస్తాయి. ఒకటి హాలిడే హోంవర్క్, రెండోది సెలవుల్లో విడుదలయ్యే పెద్ద సినిమా. స్కూల్ తెరిచిన మొదటి రోజు పిల్లలు ఈ రెండింటిలో దేని గురించి మాట్లాడుకుంటారో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో సినిమా అంటే ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే సరదా. తమిళనాడు పక్కనే ఉండటంతో తెలుగు సినిమాలతో పాటు తమిళ సినిమాలకూ మన దగ్గర అభిమానులు ఎక్కువే.

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక చాలామంది అడిగే ప్రశ్న ఇది: "మేడమ్, ఈ సినిమాకు మా వాడిని తీసుకుపోవచ్చా?" ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పడం కష్టం. ఆ నిర్ణయం మీరే తీసుకోవడానికి పనికొచ్చే విషయాలను ఈ నెల వ్యాసంలో చూద్దాం.

సర్టిఫికెట్‌లో ఏముంటుంది?

సినిమా మొదలయ్యే ముందు కొన్ని సెకన్ల పాటు తెర మీద సర్టిఫికెట్ కనిపిస్తుంది. ఆ సమయంలో మనం సీటు నంబరు వెతుక్కుంటూనో, పాప్‌కార్న్ సర్దుకుంటూనో ఉంటాం. అందులోని అక్షరాలకు అర్థం ఇదీ:

• యు – అన్ని వయసుల వారూ చూడవచ్చు.
• యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+ – ఆ వయసు కంటే చిన్న పిల్లలకు చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించి నిర్ణయించాలి.
• ఎ – 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే. అమ్మానాన్నలు పక్కన ఉన్నా పిల్లలకు థియేటర్‌లోకి ప్రవేశం లేదు.

మన దేశంలో సినిమాల ధ్రువీకరణ 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద జరుగుతోంది. 1983 నుంచి యు/ఎ అనే వర్గం ఉంది. చాలా ఏళ్ల పాటు 12 ఏళ్ల లోపు పిల్లలందరికీ కలిపి ఆ ఒక్క హెచ్చరికే ఉండేది. 2023లో చట్టాన్ని సవరించి, 2024లో కొత్త నియమాలు తెచ్చాక యు/ఎ మూడు వయసులుగా విడిపోయింది. ఏడేళ్ల పాపకూ పదిహేనేళ్ల అబ్బాయికీ ఒకటే కొలత సరిపోదని చట్టమే ఒప్పుకుందన్నమాట.

ఈ సవరణలో తల్లిదండ్రులు గమనించాల్సిన మాట ఒకటుంది. యు/ఎ పక్కన ఉన్న వయసును పాటించేలా చూడాల్సింది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు మాత్రమే. యు/ఎ 16+ సినిమాకు మీ పదేళ్ల అబ్బాయితో వెళ్తే గేటు దగ్గర టికెట్ చించే అతను ఆపడు, ఆపే అధికారం అతనికి లేదు. ఆ గేటు దగ్గర నిలబడాల్సింది మీరే.

హీరోను బట్టి అంచనా వేయకండి

"మన హీరో సినిమానే కదా, ఏముంటుందిలే" అనుకోవడం సహజం. 2025 ఆగస్టులో రజనీకాంత్, నాగార్జున నటించిన 'కూలీ' వచ్చింది. ఇంట్లో తాతల నుంచి మనవళ్ల వరకు అభిమానులున్న హీరో సినిమా. కానీ దానికి ఎ సర్టిఫికెట్ ఇచ్చారు. యు/ఎ ఇప్పించాలని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్లినా కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. సెప్టెంబరు 25న, దసరా సెలవుల సమయంలో వచ్చిన పవన్ కల్యాణ్ 'ఓజీ'కి కూడా ఎ సర్టిఫికెట్టే. మన పెద్దవాళ్లకు ఆ హీరో అంటే ఉన్న ఇష్టం వేరు, ఆ సినిమాలోని దృశ్యాలు మన పిల్లల వయసుకు తగినవా అన్నది వేరు.

బొమ్మల సినిమా విషయంలోనూ ఇంతే. 2025 జులైలో వచ్చిన యానిమేషన్ సినిమా 'మహావతార్ నరసింహ' కథ మన పిల్లలకు అవ్వ చెప్పిన కథే. అయినా హిరణ్యకశిపుడి వధను పెద్ద తెర మీద, పెద్ద శబ్దంతో చూసినప్పుడు ఒక పిల్లవాడు చప్పట్లు కొడతాడు, మరొక పిల్లవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మీ పిల్లలు ఈ ఇద్దరిలో ఎవరన్నది బోర్డు సభ్యులకు తెలియదు, మీకు తెలుసు.

సర్టిఫికెట్ చెప్పని విషయం

2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప: ది రైజ్' మన శేషాచలం అడవుల కథ, మన చిత్తూరు యాసలో నడిచిన కథ. మన మాటను దేశమంతా విన్నదని మనకందరికీ సంతోషమే. అల్లు అర్జున్‌కు ఆ పాత్రకే జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది. సినిమాకు అప్పట్లో యు/ఎ సర్టిఫికెట్ ఇచ్చారు. అయితే హీరో, హీరోయిన్ వ్యానులో కూర్చున్న ఒక సన్నివేశం మీద ప్రేక్షకుల నుంచి అభ్యంతరాలు రావడంతో, విడుదలైన కొన్ని రోజులకే నిర్మాతలు దాన్ని తొలగించారు. సెన్సార్ దాటి వచ్చిన సన్నివేశాన్ని కుటుంబాలు తప్పుబట్టాయి. సర్టిఫికెట్ తరువాత కూడా ప్రేక్షకుడి తీర్పుకు విలువ ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో సంగతి. సినిమాలో రక్తం ఎంత, బూతు మాటలు ఎన్ని అన్నది బోర్డు చూస్తుంది. సినిమా అయిపోయాక మీ అబ్బాయి ఎవరిలా నడవాలనుకుంటాడో సర్టిఫికెట్ చెప్పదు. గడ్డం కింద చెయ్యి తిప్పే ఆ స్టైలు మా ఆరో తరగతి పిల్లలకూ వచ్చు. అది సరదా, అందులో తప్పేమీ లేదు. కానీ "దుంగలు దాటిస్తే అంత డబ్బు వస్తుందా?" అని పిల్లవాడు అడిగినప్పుడు జవాబు చెప్పే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

సినిమాకు ముందు ఐదు ప్రశ్నలు

ట్రైలర్ చూసి, ఇప్పటికే చూసిన వాళ్లను అడిగి, ఈ ఐదింటికి జవాబు వెతకండి. ఐఎండీబీలో చాలా సినిమాలకు 'పేరెంట్స్ గైడ్' అనే విభాగం ఉంటుంది. హింస, అసభ్యత, తిట్లు, మద్యం, భయపెట్టే దృశ్యాలు ఎంత ఉన్నాయో ప్రేక్షకులు అందులో విడివిడిగా రాస్తారు.

1. కొట్టినప్పుడు నొప్పి కనిపిస్తుందా? దెబ్బ తిన్నవాడి ఇల్లు, అతని పిల్లలు కనిపించే సినిమా వేరు. వందమంది గాల్లో ఎగిరిపడితే అందరూ ఈలలు వేసే సినిమా వేరు.
2. అమ్మాయితో హీరో ఎలా ప్రవర్తిస్తాడు? కాదన్నా వెంటపడటాన్ని ప్రేమగా చూపిస్తే, ఎనిమిదో తరగతి అబ్బాయి అది నేర్చుకుంటాడు. అమ్మాయి కూడా అది భరించాల్సిందే అని నేర్చుకుంటుంది.
3. సిగరెట్, మందు సరదాగా చూపించారా, వాటి ఫలితం కూడా చూపించారా? మూలన చిన్న అక్షరాల్లో వచ్చే హెచ్చరిక కంటే హీరో చేతిలోని సిగరెట్ పెద్దగా కనిపిస్తుంది.
4. మా పిల్లలకు దేనికి భయం? రక్తం, దెయ్యాలు, అమ్మానాన్నలు చనిపోవడం, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో భయం.
5. బయటికి వచ్చేటప్పుడు మా పిల్లలు ఎవరిని మెచ్చుకుంటారు? ఎందుకు?

ఏ ఆటకు వెళ్తున్నాం అన్నది కూడా ఆలోచించండి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ సమయంలో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాతి నెలలో తెలంగాణ హైకోర్టు 16 ఏళ్ల లోపు పిల్లలను ఉదయం 11 గంటలకు ముందు, రాత్రి 11 తరువాత థియేటర్లలోకి అనుమతించవద్దని చెప్పింది. తరువాత ఆ ఆంక్షను సడలించింది. కోర్టు చెప్పినా చెప్పకపోయినా, బెనిఫిట్ షోలకు, మరుసటి రోజు స్కూల్ ఉన్నప్పుడు సెకండ్ షోలకు పిల్లలను తీసుకెళ్లకపోవడమే మేలు. వారం ఆగితే అదే సినిమాను జనం ఒత్తిడి లేకుండా చూడవచ్చు.

వయసును బట్టి

9 నుంచి 12 ఏళ్లు: చూసింది చూసినట్టు నమ్మే వయసు. ట్రిక్ అని చెప్పినా భయం పోదు. పక్కన కూర్చుని చూడండి. ఇబ్బంది పడుతుంటే మధ్యలో లేచి వచ్చేయడానికి మొహమాటపడకండి. టికెట్ డబ్బు పోతే పోనివ్వండి.

13 నుంచి 15 ఏళ్లు: ఫ్రెండ్స్ మాటే వేదం. నిషేధిస్తే ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తారు. ఇక్కడ మీ ఆయుధం మాటే. ఏది ఎందుకు వద్దో కారణం చెప్పండి. కొంచెం బరువైన సినిమాలు మీతో కలిసి చూడనివ్వండి.

16, 17 ఏళ్లు: ఇంకో ఏడాది, రెండేళ్లలో అన్నీ వాళ్లే ఎంచుకుంటారు. పై ఐదు ప్రశ్నలు వాళ్లనే వేసుకోమనండి. అయినా ఎ సినిమాకు మాత్రం మినహాయింపు లేదు.

ఇంట్లో ఓటీటీ సంగతి

థియేటర్‌కు నెలకొకసారి వెళ్తాం, ఫోన్ మాత్రం రోజూ చేతిలోనే ఉంటుంది. 2021 ఐటీ నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు తమ సినిమాలకు, సిరీస్‌లకు తామే యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వర్గం ఇవ్వాలి. హింస, అసభ్య భాష లాంటివి ఉంటే ఆ వివరం మొదట్లోనే చూపించాలి. 13+, ఆపై వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఇవ్వాలి. ఆ తాళం కంపెనీ ఇస్తుంది, వేయాల్సింది మనం.

• పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టి, సెట్టింగ్స్‌లో వయసు పరిమితి ఎంచుకోండి.
• మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. మీ పుట్టినరోజు, బండి నంబరు పెట్టకండి. పిల్లలు మొదట ప్రయత్నించేది అవే.
• టీవీని హాల్లో ఉంచండి. పడుకునే గదిలోకి ఫోన్ వద్దు.
• ఈ నియమాలు అవ్వా తాతలకు, బాబాయిలకు కూడా చెప్పండి. తాళం వేసిన ఇంట్లో తాత ఫోన్ తెరిచి ఉంటే లాభం లేదు.

"వద్దు" అని ఎలా చెప్పాలి?

"అమ్మా, క్లాసులో అందరూ చూసేసినారు, నేనొక్కడే చూడలే" అని పిల్లవాడు అంటే అందులో బాధ నిజమే. "నోర్ముయ్, చదువుకో పో" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "అది 18 ఏళ్లు నిండినోళ్లకు తీసిన సినిమా నాయనా. ముందు మీ నాయన, నేను చూస్తాం. నువ్వు చూడదగిందైతే ఎప్పుడు చూడొచ్చో చెప్తాం. ఈ ఆదివారం వేరే సినిమాకు పోదాం, ఏదో నువ్వే చెప్పు" అంటే వద్దని చెప్పినట్టూ ఉంటుంది, పిల్లవాడిని గౌరవించినట్టూ ఉంటుంది. చెప్పిన ఆదివారం మాత్రం మాట తప్పకండి.

సినిమా తరువాత పది నిమిషాలు

ఇంటికి వచ్చే దారిలో బండి మీదో, భోజనాల దగ్గరో పది నిమిషాలు మాట్లాడండి. పాఠం చెప్పినట్టు వద్దు. "నీకు ఎవరు నచ్చారు? నువ్వయితే ఏం చేసేవాడివి?" అని అడిగితే చాలు.

'పుష్ప' చూసిన పదో తరగతి అబ్బాయితో మాట్లాడటానికి మన ఊరి విషయమే ఉంది. ఎర్రచందనం మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పెరిగే అరుదైన చెట్టు. 2015 ఏప్రిల్ 7న ఇదే అడవిలో పోలీసుల కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. తెరమీద దుంగల వెనక ఒక హీరో ఉంటాడు. నిజంగా జరిగినదాంట్లో ఇంటికి తిరిగిరాని కూలీలు ఉన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడితే, సినిమాను సినిమాగా చూడటం పిల్లవాడికి అలవాటవుతుంది.

2024లో వచ్చిన '35 – చిన్న కథ కాదు' కూడా మన తిరుపతి కథే. లెక్కలు అర్థంకాక, సున్నాకు విలువ లేనప్పుడు పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే పిల్లవాడి కథ. ఐదో తరగతి నుంచి అందరూ కలిసి చూడొచ్చు. చూశాక "నీకు ఏ లెక్క అర్థం కాలేదు?" అని అడగండి. ప్రోగ్రెస్ కార్డులో కనిపించని జవాబు రావచ్చు. 2025లో వచ్చిన 'కోర్ట్'లో పెద్ద ఫైట్లు లేవు. కానీ టీనేజ్ ప్రేమ, పోక్సో చట్టం లాంటి బరువైన విషయాలున్నాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు మీతో కలిసి చూసి మాట్లాడాల్సిన సినిమా అది.

పిల్లలను సినిమాలకు దూరంగా పెంచడం మన ప్రాంతంలో అయ్యే పని కాదు, అవసరమూ లేదు. వాళ్లతో కలిసి చూడండి, చూశాక వాళ్లు చెప్పేది వినండి. ఇంట్లో అందరూ చూసి బాగుందనుకున్న ఒక సినిమా పేరు, మీ పిల్లలు దాని గురించి అన్న ఒక మాట డైరీలో రాసి పంపండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అందరం పంచుకుందాం.